గుండ్రటి తలకు చేసిన హెల్మెట్

హెల్మెట్ కొనడానికి వచ్చే మగపిల్లల్ని చూస్తే వాసంతికి ఒళ్లు మండుతుంది. రంగు చూస్తారు, అద్దంలో మొహం చూసుకుంటారు, సెల్ఫీ దిగుతారు. తల సంగతి మాత్రం ఒక్కడూ పట్టించుకోడు. ఆ సాయంత్రం తార్నాక మెట్రో స్టేషన్ పక్కన ఖాజా భాయ్ దుకాణంలోకి అడుగుపెట్టేసరికి అలాంటి శాల్తీ ఒకటి స్టూలు మీద తిష్ట వేసుకుని కనిపించింది.

ఆ శాల్తీ నెత్తిన ఉన్నది ఫ్లిప్-అప్ హెల్మెట్. గడ్డం దగ్గరి భాగమంతా అద్దంతో సహా నుదుటి మీదికి లేచిపోయే రకం. దించితే నిండు హెల్మెట్, లేపితే మొహం బయటికి. అతను దాన్ని లేపుకుని, తల మీంచి తియ్యకుండానే, అత్తగారింటికొచ్చిన అల్లుడిలా తాపీగా చాయ్ తాగుతున్నాడు.

వాసంతి వచ్చింది సరిగ్గా ఆ హెల్మెట్ కోసమే. ఆమెవి సోడాబుడ్డి కళ్లద్దాలు. మామూలు నిండు హెల్మెట్ అయితే ఆగిన ప్రతిచోటా కళ్లద్దాలు పీకాలి, హెల్మెట్ పీకాలి, బయల్దేరేటప్పుడు మళ్లీ అదంతా తగిలించుకోవాలి. ఈ వానాకాలం ఆమె యూనివర్సిటీ బైక్ రైడర్లంతా భోగత జలపాతం మీదుగా భద్రాచలం దాకా వెళ్తున్నారు. ఆ టూర్ కోసం ఆమె ఎన్ని హెల్మెట్ల పుట్టుపూర్వోత్తరాలు చదివిందో లెక్కలేదు. లాక్ ఇనుముదా ప్లాస్టిక్‌దా, గ్లౌజు వేసుకున్న చేత్తో ఒక్క నొక్కుకు తెరుచుకుంటుందా, లోపల కళ్లద్దాల కాడలకు సందు ఉందా, అన్నీ చూసి ఈ ఒక్క మోడల్ తేల్చుకుంది.

"ఒకటే పీస్ మేడమ్," అన్నాడు ఖాజా భాయ్. "గా సార్ నెత్తి మీద ఉన్నది. మళ్ల స్టాక్ ఎప్పుడొస్తదో నాకే తెల్వదు."

వాసంతి స్టూలు దగ్గరికి వెళ్లి, సంతలో గేదెను చూసినట్టు అతని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎంతసేపైంది పెట్టుకుని?"

"అరగంట పెట్టుకుని చూడుమన్నడు భాయ్. అయిపొయ్యేటట్టే ఉన్నది."

"ఒకసారి తియ్యుండ్రి."

అతను తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు, ఆమె గొంతు అలాంటిది. నుదుటి మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రటి చార, వాత పెట్టినట్టు తేలింది.

"చూసుకోండ్రి అద్దంల. ఇది మీ తలకు కాదు," అంది వాసంతి. "మీది పొడుగు తల, కొబ్బరికాయ లెక్క. ఇది గుండ్రటి తలకు చేసింది. నుదురు కాడ నొక్కుతది, పక్కలకు ఖాళీ ఉంటది. భువనగిరి దాటకముందే తలనొప్పి లేస్తది. గాడ పెట్టుండ్రి, నేను తీసుకుంటున్న."

అతను ఆమెను, ఆమె గుండ్రటి మొహాన్ని, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్ని నింపాదిగా చూశాడు.

"మేడమ్ తలల డాక్టరా?"

"బోటనీల పీహెచ్‌డీ చేస్తున్న."

"అట్లనా. అందుకే కొబ్బరికాయలు మంచిగ గుర్తువడుతున్నరు." హెల్మెట్ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. "నాకేం నొప్పి లేదు. భాయ్, బిల్లు రాయి."

తనకు సరిపోదని కళ్లారా చూసుకుని కూడా, ఒక ఆడపిల్ల చెప్పిందన్న ఒక్క కారణానికి దాన్ని కొనుక్కుని వెళ్లిపోయాడు ఆ మహానుభావుడు. ఇలాంటివాళ్లా దేశాన్ని ఉద్ధరించేది అనుకుంది వాసంతి. అతనూ పీహెచ్‌డీయే చేస్తున్నాడని ఆ ఆదివారం తెలిసింది.

ఆర్ట్స్ కాలేజ్ ముందు బండ్లన్నీ వరుసగా నిలబడి ఉండగా, హరిచందన అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. హరిచందన హాస్టల్లో వాసంతి గదిలోనే ఉంటుంది, రైడర్ల బృందానికి పెద్ద దిక్కు కూడా ఆమే.

"కొత్త మెంబర్ వాసూ. ఇమ్మానుయేల్. జాగ్రఫీ. మనతోని టూర్‌కు వస్తడు."

"తెలుసు," అంది వాసంతి. "తల కొలత కూడా తెలుసు."

టూర్‌కు ముందు ప్రతి ఆదివారం ప్రాక్టీసు. ఒకసారి ఘట్‌కేసర్, ఒకసారి బీబీనగర్, ఆ తర్వాత భువనగిరి. చాయ్ బండి దగ్గర ఆగగానే వాసంతి కళ్లద్దాల తంతు మొదలయ్యేది. తన పాత హెల్మెట్ పీకేసరికి జడ ఊడిపోయి, చెవులు కందిపోయి, ఎదురుగా ఉన్నది చాయ్ బండో చెప్పుల దుకాణమో కనిపించని స్థితి. పక్కనే ఇమ్మానుయేల్ టక్కున ముందు భాగం లేపి, నెత్తిన హెల్మెట్ అలాగే ఉంచుకుని చాయ్ ఊదుకుంటూ తాగేవాడు.

"ఏం సుఖమన్నా నీది," అనేవాళ్లు మిగతావాళ్లు. "తీసుడు లేదు, పెట్టుడు లేదు."

అతను ఎందుకు తియ్యడో అక్కడ తెలిసింది వాసంతి ఒక్కదానికే. తీస్తే నుదుటి చార పదిమంది కళ్లలో పడుతుంది. పైగా ఒకసారి తీసినవాడికి మళ్లీ దాన్ని ఎక్కించుకునే ధైర్యం ఉండదు.

"నొప్పి ఉన్నదా?" అని పక్కకు వెళ్లి అడిగేది.

"ఏం నొప్పి?"

"ఒక్కసారి తీసి చూపియ్యుండ్రి."

"హెల్మెట్ తియ్యకుండ చాయ్ తాగుటానికే గింత మంచి హెల్మెట్ కొన్న. మీరు తాగుండ్రి, మీ చాయ్ చల్లారుతున్నది. గీడ ఉన్నది గ్లాసు, మీకు కనవడుతలేనట్టున్నది."

ఆదివారాలు చాలలేదు. మధ్యమధ్యలో లైబ్రరీ మెట్ల మీద, క్యాంటీన్ దగ్గర, ఎక్కడ అతను తగిలినా వాసంతి ముందు నుదురే చూసేది. చార ఎంత తగ్గింది, ఇంకా ఎంత ఉంది. తన మాట నిజమని రుజువు కావడానికేనని తనకు తాను చెప్పుకుంది. అతను కనిపించని రోజు జాగ్రఫీ డిపార్ట్‌మెంట్ మీదుగా చుట్టూ తిరిగి హాస్టల్‌కు వచ్చేది. అదీ రుజువు కోసమేనట.

"బోటనీ నుంచి హాస్టల్‌కు జాగ్రఫీ మీదకెల్లి తొవ్వ ఎప్పుడు పడ్డదే?" అని అడిగింది హరిచందన.

"మొండిముండాకొడుకు ఎప్పుడు ఒప్పుకుంటడో చూద్దామని."

"ఒప్పుకుంటే ఇగ చూడవా?"

అలాంటి పనికిరాని ప్రశ్నలకు వాసంతి జవాబు చెప్పదు.

టూర్‌కు ముందటి చివరి ప్రాక్టీసు రోజు ఘట్‌కేసర్ దాటగానే వాన అందుకుంది. ఓ మోస్తరు వాన కాదు, ముందు బండి వెనక లైటు కూడా కనిపించనంత. ఇమ్మానుయేల్ అద్దం లోపల ఆవిరి పట్టినట్టుంది, గడ్డం భాగం మొత్తం పైకి లేపి నడపడం మొదలుపెట్టాడు. గాలి దాన్ని పట్టుకుని తలను వెనక్కి గుంజుతోంది. వానచినుకులు ఇసుక కొట్టినట్టు మొహాన కొడుతున్నాయి. వాసంతి హారన్ మోగిస్తూ పక్కకు వచ్చి, చెయ్యి ఊపి, రోడ్డు పక్క బస్ షెల్టర్ కింద అతని బండి ఆపించింది.

"ఏం పాడు బుద్ధి ఇది? లేపేది ఆగినప్పుడు. ఉరికేటప్పుడు కాదు. గాలికి మెడ ఇరుగుతది, కింద పడితే దవడ మిగలదు. ఆవిరి పడితే అద్దం సందంత తెరువాలె, మొత్తం తలుపు తీసుకుని పోతరా ఎవరన్న?"

అతను మెల్లగా హెల్మెట్ తీశాడు. కొన్న తర్వాత మొదటిసారి, ఆమె ఎదురుగా.

చార ఇప్పుడు చార కాదు. చర్మం దోక్కుపోయి నుదురంతా కమిలిపోయింది, కళ్లు నొప్పికి ఎర్రబడ్డాయి. వాసంతికి ఆ నుదుటి మీద చెయ్యి పెట్టాలని, ఊదాలని, ఎవరినైనా తిట్టాలని ఒకేసారి అనిపించింది. మొదటి రెండూ చేతకాలేదు.

"చెప్పిన్నా లేదా? కొబ్బరికాయ తల అని మొదటి దినమే చెప్పిన. ఇన్నరా?"

ఇమ్మానుయేల్ నవ్వాడు, కానీ అది వేళాకోళం నవ్వు కాదు.

"చెప్పిన్రు. చెప్పుడే మీకొచ్చింది. ఆ దినం 'నాకు ఇది చాన అవసరం, ఇస్తరా' అంటే అక్కడనే చేతుల పెట్టేటోణ్ణి. అడగలే మీరు, తీర్పిచ్చిన్రు. నేను గాడిదను గనుక పంతానికి కొన్న, గాడిదను గనుకనే మోసిన. అడుగుడు మాత్రం మీకు రాదు వాసంతిగారు, ఎవర్నీ, ఏదీ." నీళ్లు కారుతున్న హెల్మెట్‌ను చంకలో పెట్టుకున్నాడు. "నేను టూర్‌కు వస్తలేను. హరిచందనకు నేను చెప్పుకుంటా."

వాన తగ్గాక అతను ఒట్టి తలతో, నెమ్మదిగా బండి నడుపుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. దానికి కూడా నాలుగు తిట్లు తిట్టాల్సింది వాసంతి. నోరు రాలేదు.

రెండ్రోజుల తర్వాత హరిచందన గదిలోకి ఒక పెద్ద సంచి తెచ్చి మంచం మీద పెట్టింది. అందులో అదే హెల్మెట్. కడిగి, తుడిచి, లోపలి మెత్తలన్నీ కొత్తవి వేయించి ఉంది.

"నీకు ఇమ్మన్నడు."

వాసంతి పెట్టుకుని చూసింది. నుదురు దగ్గర నొక్కలేదు, చెంపల దగ్గర వదులు లేదు, కళ్లద్దాలు జారలేదు. ఒక్క నొక్కుకు లేచింది, టక్కున పడింది. కోరుకున్న హెల్మెట్ అచ్చంగా ఆమె తలకు చేసినట్టు కుదిరింది, ఆమె మొహం మాత్రం వేలాడిపోయింది. భోగత దాకా, భద్రాచలం దాకా ఆగిన ప్రతి చాయ్ బండి దగ్గరా చూడ్డానికి ఏ నుదురూ ఉండదు. ఇది టూర్ కాదు, శిక్ష అనిపించింది. అతను రావాలి. రావాలంటే ఆమె అడగాలి. ఇరవై ఆరేళ్లలో ఆమె నోటికి అలవాటు కాని పని అది. అడిగితే కాదంటాడేమో. తీర్పు చెప్పేవాళ్లకు ఆ బాధ ఉండదు.

"పోయి రమ్మని అడుగు," అంది హరిచందన.

"అడిగితే వస్తడా?"

"అడిగినోళ్లకే తెలుస్తది."

మర్నాడు వాసంతి జాగ్రఫీ డిపార్ట్‌మెంట్ గుమ్మం ముందు నిలబడి దారంతా బట్టీపట్టిన మాటలన్నీ మరిచిపోయి, "నడువుండ్రి, ఖాజా భాయ్ కాడికి," అని మాత్రం అనగలిగింది. ఇమ్మానుయేల్ ఏ కళనున్నాడో, మారుమాట్లాడకుండా వచ్చాడు.

దుకాణంలో ఆమె దర్జీ టేపు తీసి అతని తల చుట్టూ తిప్పి కొలిచింది. వేళ్లు నుదుటికి తగిలాయి. చర్మం మానుతోంది. టేపు మీది అంకె ఆమె రెండుసార్లు తప్పు చదివిందని అతనికి తెలిసింది కానీ, పాపం, కొబ్బరికాయ ఊసెత్తలేదు. పొడుగు తలల కోసం చేసిన ఫ్లిప్-అప్‌లు రెండు దించాడు ఖాజా భాయ్. మొదటిది చెవుల్ని నలిపింది. రెండోది పెట్టుకుని అతను తల అటూ ఇటూ ఊపాడు. హెల్మెట్ తలతో పాటే తిరిగింది.

"జర సేపు అట్లనే కూసోండ్రి," అంటూ వాసంతి తన హెల్మెట్ తగిలించుకుంది. గడ్డం భాగం దించి టక్కుమనేలా మూసింది. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది, మొహం ఎవరికీ కనిపించదు. అక్కడి నుంచి ఏదో అంది.

"వినవడలే," అన్నాడు ఇమ్మానుయేల్.

మళ్లీ అంది, ఇంకాస్త గట్టిగా.

"మూత తీసి మాట్లాడు. నిన్ను తినను."

వాసంతి బొటనవేలితో నొక్కి పైకి లేపింది. మొహం కందగడ్డలా ఉంది, కళ్లద్దాల మీద ఆవిరి.

"టూర్‌కు వస్తవా అంటున్న."

"గింత దానికి గింత చెమటెందుకు? హెల్మెట్ దొరికింది గదా, వస్తా."

"టూర్ ఒక్కదాని గురించే కాదు." ఖాజా భాయ్ అటు తిరిగి లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. "నువ్వు కనవడకుంటే నాకు మంచిగ అనిపిస్తలేదు. నువ్వంటే నాకిష్టం. నీకు..."

ఆగిపోయింది. నీకూ నేనంటే ఇష్టమే, ఆ సంగతి నాకు తెలుసు అని ముగించేయడం ఆ నోటికి అలవాటు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"నీకు నేనంటే ఇష్టమేనా?"

అడిగేసింది. జవాబు తెలియదు. బయట మెట్రో వచ్చి ఆగి, తలుపులు మూసుకుని వెళ్లిపోయింది. ఇలా ఎదురుచూడటం ఎంత కష్టమో తెలియక ఎంతమందికి ఎన్ని తీర్పులు చెప్పానో అనుకుంది వాసంతి. అయినా చూపు మాత్రం పక్కకు తిప్పలేదు.

"నొప్పి లేదు, నొప్పి లేదని ఇన్ని దినాలు ఎందుకు చెప్పిన అనుకున్నవ్?" అన్నాడతను.

"మొండోనివి గనుక."

"కాదు. ఉన్నదని ఒప్పుకుంటే మళ్ల ఆదివారం నా దిక్కు చూడవని."

మనుషుల విషయంలో తన అంచనా తప్పినందుకు వాసంతి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సంతోషించింది.