దాత చేతి నెయ్యి

నజీర్ అహ్మద్ చివరిసారి తిన్నది పప్పన్నం. ఎలమంచిలిలో ఎవరిదో గృహప్రవేశం. విశాఖ పోర్టు నుంచి బయల్దేరిన నెయ్యి డబ్బాల వెంట ప్లంబర్ వేషంలో ఆ ఇంటిదాకా వెళ్లాడు. డబ్బాల్లో స్మగ్లింగ్ సరుకేదో దాచారనుకున్నాడు తప్ప, నెయ్యే ఆయుధమని అతనికి తెలియదు. ఇంటావిడ కూర్చోబెట్టి, వద్దన్నకొద్దీ కొసరి కొసరి నెయ్యి పోసింది. గంట తిరక్కుండా అతనూ, అతనితో పాటు బంతిలో కూర్చున్నవాళ్లూ పోయారు. పేపర్లు ఫుడ్ పాయిజనింగ్ అని లోపలి పేజీలో వేసి ఊరుకున్నాయి.

సాయిశంకర్ ఊరుకోలేదు. నజీర్ అతని పార్ట్‌నర్. ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్లు. ఎన్నో మిషన్లలో ఒకరి ప్రాణం ఇంకొకరు కాపాడుకున్నారు. అలాంటి మనిషిని తుపాకీతో కాదు, అన్నం పెట్టి చంపారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా సాయిశంకర్‌కి ఒళ్లు మండిపోయేది.

"కూర్చో," అన్నాడు చీఫ్ గురునాథరావు. బీచ్ రోడ్డులో, బయటికి ఇన్సూరెన్స్ ఆఫీసులా కనిపించే బిల్డింగ్ అది. "ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. నేతిలో కలిపింది ల్యాబొరేటరీలో పెంచిన సూక్ష్మజీవుల విషం. రంగు లేదు, వాసన లేదు. ఎలమంచిలిది ట్రయల్ మాత్రమే."

"అసలుది?"

"ఆదివారం, గాజువాక. స్టీల్‌ప్లాంట్ కార్మికుల కాలనీలో అన్నసమారాధన. ఊళ్లో సగం మంది అక్కడే తింటారు. దాత దేవీప్రసాద్."

సాయిశంకర్‌కి ఆ పేరు తెలుసు. దేవీప్రసాద్ పోర్టుకొచ్చే ఓడలకి తిండి సరుకులు సప్లై చేసే పెద్దమనిషి. నుదుట బొట్టు, నోట్లో శ్లోకం, జేబులో విదేశీ ముఠా జీతం. ఆ ముఠా కోడ్‌నేమ్ 'చెద'. విశాఖ తిండి విషమని ప్రపంచం నమ్మితే, ఇక్కడి నుంచి వెళ్లే బియ్యం, రొయ్యలు ఎవడూ కొనడు. ఆ మార్కెట్ మొత్తం చెద చేతికి పోతుంది.

"ఇప్పుడే పట్టేద్దాం సార్."

"రెండో లాట్ ఒక కంటైనర్ నిండా ఉంది. ఎక్కడుందో వాడికొక్కడికే తెలుసు. వాడు నోరు విప్పకపోతే ఆ సరుకు ఊరూరా షాపుల్లోకి పోతుంది. నీ పగ నాకు తెలుసు శంకర్. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"ప్రాణాలతోనే ఇస్తాను. మిగతాదేదీ హామీ ఇవ్వలేను."

గురునాథరావు ఒక స్టీలు గరిటె టేబుల్ మీద పెట్టాడు. పిడి చివర చిన్న బల్బు. విషం తగిలితే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. "లోపల మన మనిషి నీలిమ ఉంది. వాడి సెక్రటరీ. వ్యాన్‌లో డబ్బాలు మార్చేస్తానంది."

నీలిమ పేరు వినగానే సాయిశంకర్ మొహం చిట్లించాడు. రెండు పక్షాల జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. నజీర్‌ని ఎలమంచిలి పంపిన సమాచారం ఆమెదే. తెలిసి పంపిందా, తెలియక పంపిందా అన్న ప్రశ్న అతన్ని వదల్లేదు.

పోర్టు దాటి పాతబస్తీలోకి వెళ్లి నజీర్ భార్య బీబీజాన్‌ని పలకరించాడు. ఆమె ఏడుపు ఎప్పుడో అయిపోయింది. కళ్లలో ఇప్పుడున్నది కోపం.

"పనికెళ్తన్నావా తమ్ముడూ?"

"అవునక్కా."

"మరైతే ఒట్టి సేతుల్తో రాకు," అంది, తలుపు దగ్గరగా వేస్తూ.

ఆదివారం మధ్యాహ్నం గాజువాక కాలనీ వీధి నిండా షామియానా. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు స్నానాలు చేసి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. తలకి తువ్వాలు, చొక్కా మీద పసుపు మరకలతో వడ్డనవాడిలా తిరుగుతున్నాడు సాయిశంకర్. వంటల దగ్గర వ్యాన్ నుంచి దిగిన డబ్బాల్లో గరిటె ముంచి చూశాడు. అన్నింటికీ ఆకుపచ్చే. నీలిమ మాట నిలబెట్టుకుంది.

అప్పుడే కారు దిగింది ఆమె. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆ నడక చూసి మైకు పట్టుకున్న కుర్రాడు మాట మర్చిపోయాడు. వెనకే తెల్లపంచెలో దేవీప్రసాద్, చేతిలో వెండి నేతిగిన్నె.

సాయిశంకర్ గరిటె పట్టుకుని అటు కదిలాడు. ఆ గిన్నె వ్యాన్‌లో రాలేదు. కారులో వచ్చింది.

దేవీప్రసాద్ వంగి వంగి, చిరునవ్వుతో మొదటి బంతి మొత్తానికీ తన చేత్తోనే నెయ్యి పోశాడు. సాయిశంకర్ వరసల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వచ్చేసరికి ఆఖరి ఆకు కూడా అయిపోయింది.

"ఇలా ఇవ్వండి సార్," అంటూ గిన్నె అందుకుని అందులో గరిటె పెట్టాడు. ఎరుపు.

వరస పొడుగునా జనం. ప్రతి ఆకులోనూ వేడి అన్నం, పప్పు, దాని మీద చావు. అరిస్తే దేవీప్రసాద్ తప్పించుకుంటాడు. అరవకపోతే వీళ్లు పోతారు.

కానీ ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

దేవీప్రసాద్ నమస్కారం పెట్టి కారువైపు తిరిగాడు. కాలనీలో పెద్దావిడ గౌరీశ్వరి మొదటి ఆకు ముందు నుంచి పిలిచింది. "ఏటి బాబూ, అలా ఎల్లిపోతన్నావు? కూకో."

"నేను ఆఖర్న తింటానమ్మా. దాత చివర్లో తినడమే మర్యాద కదా." అతను నీలిమ వైపు చూశాడు. ఆ మర్యాద అతనికి నేర్పింది ఆమే.

"అది మీ ఊళ్లో కాబోలు. మా కాలనీలో దాత తొలిముద్ద ఎత్తితేనే మిగతావోలు ఎత్తుతారు. నాను ఈ కాలనీకొచ్చిన కాణ్ణించీ ఇదే పద్ధతి. నువ్వు కూకోకపోతే ఈలంతా ఆకుల ముందు ఇలాగే కూకుండిపోతారు."

"నాకు షుగర్ ఉందమ్మా..."

"నాకూ ఉంది. ఓ ముద్దకేటవదు."

జనం నవ్వారు. ఎవరో చేయి పట్టుకుని లాగి కూర్చోబెట్టేశారు. ముందు ఆకు పడింది.

వెండి గిన్నెతో సాయిశంకర్ వంటల తెర వెనక్కి వెళ్లాడు. ఒకపక్క ఎర్రదీపం వెలిగించిన గిన్నె, ఇంకోపక్క మంచి నెయ్యి డబ్బా. ఆ గిన్నెలోదే పట్టుకెళ్లి వాడి ఆకులో పోస్తే చాలు, నజీర్ పగ తీరిపోతుంది. చేయి నిజంగానే అటే వెళ్లింది. కానీ శవం కంటైనర్ అడ్రస్ చెప్పదు. పళ్లు కొరుక్కుంటూ విషాన్ని మూతున్న క్యాన్‌లోకి వొంపి, గిన్నె కడిగి, మంచి నెయ్యి నింపాడు.

ఇయర్‌పీస్‌లో నెమ్మదిగా చెప్పాడు. "నీలిమా, బంతి మొత్తం ఎరుపు. వాడు మింగగానే వీళ్లని ఆపాలి. భయపెట్టకుండా. ఎలా ఆపుతావో నాకు తెలియదు."

జవాబు కోసం ఆగే టైము లేదు. నమ్మడం తప్ప దారి కూడా లేదు.

దేవీప్రసాద్ అన్నం మీద నెయ్యి పోశాడు సాయిశంకర్. చాలు చాలంటున్నా ఆగలేదు. "మొహమాటపడకండి సార్." వంగి చెవి దగ్గర చెప్పాడు. "ఎలమంచిలిలో నజీర్ అని మావాడు, వాడూ ఇలాగే వద్దన్నాడు."

దేవీప్రసాద్ మొహం పాలిపోయింది. లేవబోయాడు. భుజం మీద సాయిశంకర్ చేయి బండలా పడింది. చుట్టూ వందల కళ్లు. తన మనుషుల దగ్గర విరుగుడు ఉంది, గంట టైముంది, ఒక ముద్ద మింగి బయటపడొచ్చు. ఆ లెక్క అతని కళ్లలోనే కనిపించింది. ముద్ద ఎత్తాడు. మింగాడు.

"గోవిందా!" అంది బంతి అంతా. చేతులన్నీ నోటివైపు లేచాయి.

"బల్లి!"

నీలిమ కేకకి మైకు కూడా గుయ్‌మంది. పట్టుచీర పైకెత్తి కుర్చీ ఎక్కేసింది. "నేతిగిన్నెలో బల్లి! నా కళ్లతో చూశాను! ముద్ద దించండి!"

తెలుగువాళ్లని బాంబు ఉందంటే ఆపలేకపోవచ్చు గానీ, బల్లి పడిందంటే ఆపనక్కర్లేదు. లేచిన ముద్దలన్నీ ఆకుల్లోకి దిగిపోయాయి. "ఛీ ఛీ" అంటూ బంతి మొత్తం లేచి చేతులు కడుక్కుంది. వడ్డనవాళ్ల వేషంలో ఉన్న ఏజెంట్లు ఆకులన్నీ మూటలు కట్టి పట్టుకుపోయారు. గౌరీశ్వరి మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "వెండి గిన్ని దేనికి, మూతెట్టుకోవడం రానప్పుడు!" అని దాతని దులిపేసింది.

దేవీప్రసాద్‌కి అదేదీ వినిపించలేదు. సాయిశంకర్ అతన్ని వంటల వెనక గదిలోకి తోసి తలుపేశాడు.

"నన్ను పోర్టుకి తీసుకెళ్లు! త్వరగా!"

"తొందరేముంది? నజీర్‌కి గంట పట్టింది." సాయిశంకర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "వాడికి ముందు పెదాలు తిమ్మిరెక్కాయట. నీకెలా ఉంది?"

దేవీప్రసాద్ పెదాలు తడుముకున్నాడు. భయానికి అవి నిజంగానే తిమ్మిరెక్కాయి. గోడకి జారి కూలబడ్డాడు.

"విరుగుడుంది... ఇంజెక్షన్..."

"ఎక్కడ?"

దేవీప్రసాద్ ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని గడగడా చెప్పేశాడు. పోర్టు వెనక కోల్డ్ స్టోరేజీ, రొయ్యల కంటైనర్ల వెనక నీలం కంటైనర్, తాళం కోడ్, కాపలావాళ్ల పేర్లు. విరుగుడు రెండో లాట్ డబ్బాలతోనే ఉంది. సాయిశంకర్ ఇయర్‌పీస్‌లో ప్రతి మాటా గురునాథరావుకి వెళ్తోంది. జవాబు వచ్చేదాకా దేవీప్రసాద్ నేలమీద దొర్లుతూనే ఉన్నాడు. సాయిశంకర్ చూస్తూ కూర్చున్నాడు. జాలి వెతుక్కున్నాడు, దొరకలేదు.

"కంటైనర్ దొరికింది. డబ్బాలన్నీ సీల్ చేశాం," అన్నాడు చీఫ్.

"ఇంజెక్షన్!" అని కాళ్లు పట్టుకున్నాడు దేవీప్రసాద్.

"అక్కర్లేదు. నువ్వు తిన్నది మంచి నెయ్యే."

అతను నమ్మలేదు. జీపు ఎక్కించేటప్పుడు కూడా విరుగుడనే ఏడుస్తున్నాడు. బయట రెండో వంట మొదలైంది. నీలిమ కళ్లద్దాలు తీసి నిలబడి ఉంది.

"ఎలమంచిలి సంగతి నాకు నిజంగా తెలియదు శంకర్."

"కేక వేసినప్పుడే తెలిసింది," అన్నాడతను.

కొన్నాళ్ల తర్వాత పాతబస్తీకి వెళ్లాడు సాయిశంకర్. బీబీజాన్ టీ పెట్టింది.

"సచ్చాడా?"

"లేదక్కా. జైల్లో ఉన్నాడు." తలెత్తలేకపోయాడు. "డాక్టర్లు చెప్పినా నమ్మట్లేదు. ఏం పెట్టినా విషమే అంటాడు. పక్క ఖైదీ చేత తినిపించి, వాడు బతికున్నాడో లేదో చూసుకుని గానీ మెతుకు ముట్టడట. సగమైపోయాడు."

బీబీజాన్ టీ గ్లాసు అతని ముందుకి జరిపింది. తర్వాత, నజీర్ పోయిన నాటి నుంచి మొదటిసారి, ఆమె పెదాల మీద నవ్వులాంటిది కదిలింది.

"అయితే జైలోళ్లనడుగు తమ్ముడూ. ఆడికి రోజూ కేరేజీ నానే అంపుతాను. నా పేరు సెప్పి మరీ ఇమ్మను. నెయ్యి కూడా కొంచెం ఎక్కువే ఏత్తాను."