చింతమాను తొర్రలో చప్పుడు

కుందుర్పి దావ పక్కన, ఎర్రన్న చేని నడుమ ఒక చింతమాను ఉండాది. దీపాలు పెట్టినాక ఆ పక్కకు ఎవరూ పోయేటోళ్లు కాదు. తొర్రలోంచి చప్పుడొచ్చేది. టక్... టక్... ఎవరో లోపల్నుంచి తలుపు కొడతాన్నట్టు. దెయ్యమే మానును లోపల్లోపల తింటాందని ఊరంతా అనేది.

ఎర్రన్నకు ఆ మానంటే పానం. శెనక్కాయ ఎండిన ఏండ్లల్లో ఇంటిల్లిపాదినీ సాకింది ఆ చింతపండే. అది నిలబడినంత కాలం అన్నదమ్ములు చేను పంచుకునేది లేదనేటోడు. మాను మొదలుకాడ పుట్టగొడుగులు పళ్లేల మాదిరి పొడుచుకొచ్చినప్పుడు అందరూ కొట్టేయమన్నారు. ఉద్యానశాఖ ఆఫీసరొకాయన వచ్చి, సుత్తితో తట్టి చూసి, నడుమే పుచ్చింది, చుట్టూ గట్టిగుండాది, పైకొమ్మల బరువు తగ్గిస్తే ఇంకా శానా ఏండ్లు బతుకుతాదన్నాడు. ఎర్రన్న అట్లే చేయించినాడు. తమ్ముడు రామాంజే దగ్గరుండి కొమ్మలు కోసినాడు. అన్న ఏడుస్తాంటే ఊరడించినాడు కూడా.

అయినా చిగుర్లు మాడిపోతానే ఉన్నాయి.

ఒకనాడు పొద్దుగూకినాక ఎర్రన్న టెంకాయ, కర్పూరం తీసుకొని ఒంటిగా పోయినాడు. దెయ్యాన్నే బతిమాలుకుందామని! ఏం మనిషప్పా.

దగ్గరికి పోతానే... టక్... టక్...

"తల్లీ... నువ్వెవరైనా సరే... దీన్ని మాత్రం విడిసిపెట్టు," అన్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

తొర్రలోంచి ఘాటుగా వాసన — ఇంగువ. దెయ్యం తాళింపు పెడతాందా? టెంకాయ ఆడనే పారేసి, ఒకటే పరుగు.

ఇంటికొచ్చి కూర్చున్నాడు. భార్య యశోదమ్మ సంగటి పెట్టింది. కాసేపటికి రామాంజి వచ్చి పక్కన కూర్చొని, ఏమైందన్నా అని, అన్న నుదుటి చెమట తుడిచినాడు.

ఆ చేతికి ఇంగువ వాసన.

మానుకు బొక్క పెట్టి ఇంగువ కుక్కితే నిలువునా ఎండిపోతాదని మా పక్క నమ్మకం. నిజమో అబద్ధమో నాకు తెలీదు. రామాంజి నమ్మినాడు. రోజూ మాపటేళ తొర్రలో దూరి ఉలితో బొక్కలు పెడతాండింది వాడే. అన్న బతిమాలింది చెవులారా విన్నోడు, ఏమీ ఎరగనట్టు వచ్చి చెమట తుడిచినాడు చూడు, అదీ నాకు కడుపు మండేది.

ఎర్రన్న ఆ చేయి పట్టుకొని విడవలేదు.

"అది పడితే గానీ నువ్వు చేను పంచవు కదన్నా," అన్నాడు రామాంజి, తలొంచుకొని.

"నోరు తెరిచి అడిగింటే... నేనే కొట్టించిందును కదరా."

చేను పంచుకున్నారు. మాను ఎర్రన్న భాగానికొచ్చింది, ఈ ఏడు చిగురేసింది. చప్పుడు లేదు. ఎర్రన్న దాని కిందనే మంచమేసుకొని పండుకుంటాడు, భయమే లేదు. ఇంట్లో చారుకు ఇంగువ వేస్తే మాత్రం, ఈ పొద్దుకీ అన్నం ముందర నుంచి లేసిపోతాడు.