నడకని బట్టి

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట నిద్ర లేచేది కుట్టుమిషను. తర్వాతే మనుషులు. ఇల్లాలు ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బుకి చొక్కాలు కుడుతోంది. వీపు మీద అంకెలు, చినిగిన చంకలు, పొడవెక్కువైన నిక్కర్లు, అన్నీ ఆమె చేతి మీదుగానే మైదానంలోకి వెళ్తాయి. ఆ రోజు మధ్యాహ్నం మిషను మీద ఉన్నది మాత్రం ఆ క్లబ్బు చొక్కా కాదు. పెద్ద క్లబ్బు వాళ్ళు పార్సెల్లో పంపిన ముదురు నీలం చొక్కా. సాయంత్రం ఐదుకి సంతకాలయ్యాక ఆమె కొడుకు అది వేసుకుని ఫోటోకి నిలబడాలి.

"ఇంత డబ్బు పోసి కొంటున్నారు, పిల్లాడి భుజం కొలత అడగాలని తోచలేదు చూడండి. రెండంగుళాలు వదులు," అంది దారం కొరుకుతూ.

"వాళ్ళు కొంటున్నది కాళ్ళని. భుజాలతో వాళ్ళకేం పని?" అన్నాడు భర్త, ముందున్న కాగితాల్లోంచి తలెత్తకుండా.

భర్త అదే క్లబ్బులో లెక్కలు రాస్తాడు. అందరూ పద్దులాయన అంటారు. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా వినబడదు, ఆ చిట్టా తెరిచి కూడా మూడు నెలలైంది. గడ్డి కోసేవాడి దగ్గర్నుంచి గోల్‌కీపర్ కోచ్ దాకా నలభై మూడు మందికి జీతాల్లేవు. ఆటగాళ్ళని కొనడానికీ అమ్మడానికీ ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఈలోగా కొడుకుని అమ్మితే క్లబ్బు బతుకుతుంది. లేకపోతే గేటుకి తాళమే.

కొడుకుని అందరూ బక్కోడంటారు. పదిహేడేళ్ళు. ఎడమ పక్క లైను వెంట వాడు పరిగెత్తితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మైనరు కాబట్టి కాగితం మీద తండ్రి సంతకం కూడా పడాలి. పద్దులాయన వాడి మీద ఒక జోకు వేసేవాడు. బయట కొన్న ఆటగాడి ధరని కాంట్రాక్టు ఏళ్ళకి పంచి పుస్తకాల్లో చూపిస్తారు. సొంత మైదానంలో పెరిగినవాడికి కొన్న ధరే లేదు కాబట్టి వాడి విలువ సున్నా. "మా బక్కోడు పుస్తకంలో సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభం," అని నవ్వేవాడు. ఇంట్లో ఆ జోకుకి ఎప్పుడూ ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మాయి టీ గ్లాసుతో వచ్చి మిషను పక్కన నిలబడింది. ఇరవై ఏడేళ్ళది. ఐదేళ్ళు సైన్యంలో పనిచేసి, పది నెలల కిందట కళ్ళు నొప్పి అని మానేసింది. మానేసి కళ్ళద్దాల దుకాణంలో చేరింది. ఆ ఒక్క విషయం మీద పద్దులాయన చుట్టాలందరి దగ్గరా కావలసినంత వెటకారం చేశాడు. పింఛనొచ్చే ఉద్యోగం చేజేతులా వదులుకుందన్న కడుపుమంట అది.

ఆమె చొక్కా వంక చూసింది. ఛాతీ మీద తెల్లటి అక్షరాలతో, ఆ పెద్ద క్లబ్బుకి డబ్బు పెట్టే కంపెనీ పేరుంది. గ్లాసు కింద పెట్టి, చొక్కాని చేతిలోకి తీసుకుని, అక్షరాలు లోపలికి వచ్చేలా మడిచి కుర్చీలో పెట్టింది.

"ఇంకా కుట్టడం అవలేదే," అని తల్లి విప్పింది.

కూతురు మళ్ళీ మడిచింది.

"ఏంటమ్మా నీ వాలకం?"

"ఈ పేరు ఎవరిదో తెలుసా అమ్మా?"

"వాషింగ్ మిషన్లు చేస్తారుగా. మన పక్కింట్లో ఉంది."

"పైనుంచి మనుషుల్ని చూసి బాంబులేసే డ్రోన్లు కూడా చేస్తారు. నేను కూర్చున్న గదిలో తెర అంచున ఇవే అక్షరాలుండేవి. ఐదేళ్ళు చూశాను," అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, సంతకం పెట్టకు."

పద్దులాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కోపం అలాగే మొదలవుతుంది.

"ఒకసారి చెప్పు, సరిగ్గా విననట్టున్నాను."

"సంతకం పెట్టకు. ఆ చిన్న క్లబ్బు వాళ్ళు కూడా అడిగారుగా, వాళ్ళకివ్వు."

"వాళ్ళిచ్చేది మూడో వంతు కూడా లేదు! అది కూడా రెండు వాయిదాల్లో. మైదానం తుడిచే ముసలమ్మకి నువ్వు చెప్తావా జీతం రాదని? నలభై మూడు ఇళ్ళమ్మా. నీకు కంపెనీ పేరు నచ్చలేదని వాళ్ళ పొయ్యిలార్పమంటావా?"

"నాకూ తెలుసు నాన్నా వాళ్ళంతా."

"తెలిస్తే ఈ మాటనవు. కత్తి చేసినవాడు కూరలు తరుక్కోమనే ఇస్తాడు. వాడేవాళ్ళని బట్టి ఉంటుంది. ఆ మాటకొస్తే ఐదేళ్ళు వాళ్ళ సామాను వాడిందెవరు? ఆ జీతంతోనేగా తమ్ముడికి బూట్లు కొన్నావు?"

అన్నాక ఆయనకే కాస్త ఎక్కువైందనిపించింది. కానీ నోరు జారిన మాటని వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకి లేదు.

"అవును, కొన్నాను," అంది కూతురు. గొంతు పెంచలేదు. "నేను మంచిదాన్నని చెప్పట్లేదు. వాడిన మనిషిని గనకే చెప్తున్నాను."

బక్కోడు అప్పుడే బయటినుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. ఇంట్లో ఏదో ముదిరిందని వాడికి వెంటనే అర్థమైంది.

"ఇంతకీ అక్కడేం చేశావే నువ్వు?" అంది తల్లి. "రోజూ రాత్రి భోజనం వేళకి ఇంటికొచ్చేదానివి. ఏం చేశావంటే కూర్చున్నానమ్మా అనేదానివి. కూర్చునే ఉద్యోగమే కదా అని నేనూ ఊరుకున్నాను."

"కూర్చునే ఉద్యోగమే. తెర ముందు కూర్చుని మనుషుల్ని గుర్తుపట్టాలి." ఆమె కుర్చీ లాక్కుని, మడిచిన చొక్కాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాన్నా, పైమెట్టు ఆట గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి? ఆ ఇంట్లో పుట్టిన ఆట అది. క్లబ్బు వాళ్ళ కుటుంబానికి టిక్కెట్లు ఊరికే వచ్చేవి, కానీ గ్యాలరీ పైమెట్టు మీదే. అక్కణ్ణుంచి ఆటగాళ్ళ వీపు మీది అంకెలు ఆనవు. ఎవరు లోపలికొస్తున్నారో నడకని బట్టి చెప్పాలి. పద్దులాయన పిల్లల చేత అదే పనిగా చెప్పించేవాడు. మడమ ఎత్తి నడిచేవాడు, కుడి భుజం వంచేవాడు, పాత మోకాలి దెబ్బని దాచుకునేవాడు. పెద్దమ్మాయి తొమ్మిదేళ్ళకే ఒక్కటీ తప్పేది కాదు. "నా కూతురికి మొహాలతో పనిలేదు," అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

"ఆ గదిలో నాకు పేరొచ్చింది ఆ ఆట వల్లే," అంది కూతురు. "అంత ఎత్తునుంచి మొహాలు కనబడవు. మిగతావాళ్ళు బండి నంబరు, ఇల్లు, ఫోను వెతుక్కునేవాళ్ళు. నేను నడక చూసి చెప్పేసేదాన్ని. ఏదైనా అనుమానమొస్తే మా ఆఫీసరు నన్ను పిలిపించేవాడు. ఒకతని కోసం నాలుగు నెలలు చూశాం. ఎడమ కాలు కొంచెం బయటికి వేస్తాడు, మలుపు తిరిగేటప్పుడు ఒళ్ళు తిరిగాకే తల తిరుగుతుంది. ఓ మధ్యాహ్నం ఒకతను సంత దగ్గర బండి దిగి నడిచాడు. 'అతనేనా?' అన్నారు. అతనే అన్నాను. 'ఖాయమేనా?' అన్నారు. ఖాయం అన్నాను. నాన్నా, నాకు రవ్వంత కూడా అనుమానం రాలేదు."

మిషను చక్రం మీద తల్లి చెయ్యి అలాగే ఉండిపోయింది.

"రెండు రోజుల తర్వాత అక్కడ శవయాత్ర జరిగింది. పైనుంచి చూస్తున్నాం. పాడె ముందు ఒకతను నడుస్తున్నాడు. ఎడమ కాలు బయటికి, ఒళ్ళు తిరిగాకే తల. అతనే మేం వెతికినవాడు. పాడె మీదున్నది వాళ్ళ తమ్ముడు, సంత దగ్గర బండి దిగినవాడు. అన్నదమ్ముల నడక ఒకేలా ఉంటుంది నాన్నా. అది మనకి తెలియాలి. మన ఇంట్లో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బక్కోడు వెనకనుంచి అచ్చం నీలాగే నడుస్తాడు."

బక్కోడు తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"అప్పుడు కూడా నన్నే అడిగారు. ఈసారి ఖాయమేనా అని. చుట్టూ రెండు వందల మంది ఉన్నారు. పక్కనున్నవాళ్ళు ఎంతమంది పోయినా పర్వాలేదో దానికీ ఒక అంకె ఉంటుంది, ముందే వేసి పెడతారు. ఆ రోజు అంకె పెద్దదే వేశారు. నాకు కళ్ళు నొప్పిగా ఉన్నాయి, కనబడట్లేదు అన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే అన్నాను. మర్నాటికి నా కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చున్నారు. ఇంటికొచ్చి మీకు కూడా అదే చెప్పాను."

"ఆ తమ్ముడు?" అన్నాడు పద్దులాయన.

"రిపోర్టులో లేడు. పొరపాటున పోయినవాడికి అందులో వరసే ఉండదు." కూతురు ఒళ్ళోని చొక్కాని సర్దింది. "సున్నా."

పద్దులాయన కళ్ళజోడు పెట్టుకోబోయి, మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. పది నెలలుగా ఆయన ఈ పిల్లని పిరికిదన్నాడు, సోమరిదన్నాడు. భోజనాల దగ్గర కూడా వదల్లేదు. అంతకన్నా గుండెల్లో గుచ్చుకున్నది వేరే ఉంది. ఆ పైమెట్టు మీద, ఎండలో, తన పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చెప్తే నెత్తిన మొట్టికాయ వేసి మరీ నేర్పింది తనే. తెలిసి నేర్పలేదు, నిజమే. కానీ నేర్పింది తనే.

"నీకు మొట్టికాయలు వేసేవాణ్ణి," అన్నాడు చివరికి. కళ్ళు నిండిపోయాయి.

కూతురు కళ్ళు కూడా నిండాయి. "ఒక్కసారే వేశావు నాన్నా. తర్వాత నేనెప్పుడూ తప్పు చెప్పలేదుగా."

తల్లి లేచి వచ్చి కూతురి తలని తన పొట్టకి ఆనించుకుంది. బక్కోడు గొంతు సవరించుకున్నాడు.

"నన్ను అమ్ముతున్నారు కదా, నేనో మాట చెప్పొచ్చా?" అన్నాడు. "ఆ పెద్ద క్లబ్బులో నాకు రెండేళ్ళు బెంచీయే గతి. బేరం కుదిర్చిన ఏజెంటు చెప్పడు గానీ నాకు తెలుసు. చిన్న క్లబ్బులో రేపట్నుంచే ఆడొచ్చు. అసలు సంగతి అది కూడా కాదు. అక్క సైన్యంలోంచి వచ్చాక మైదానానికి ఒక్కసారీ రాలేదు. ఎందుకా అని నేను ఏడ్చుకునేవాణ్ణి. ఆ పేరు గుండెల మీద వేసుకుంటే ఇక జన్మలో రాదు."

"జీతాలో?" అన్నాడు తండ్రి. అది వాదనలా కాకుండా నిజంగా అడిగినట్టే ఉంది.

"లెక్కలు నీ పని కదా నాన్నా. వెయ్యి."

పద్దులాయన వేశాడు. గోడ గడియారం రెండు కొడుతుండగా మొదలుపెట్టి మూడున్నరకి ముగించాడు. గ్యాలరీ పైకప్పు ఈ ఏడు వద్దు. అద్దెకి తెచ్చుకున్న ఖరీదైన ఫార్వర్డుని వెనక్కి పంపేయాలి. మొదటి వాయిదాతో కింది నుంచి ముప్ఫై ఎనిమిది మందికి పాత బాకీ తీరుతుంది. పైన ఐదుగురికి తీరదు. ఆ ఐదుగురిలో ప్రెసిడెంటు మేనల్లుడొకడు. ఇంకొకడు పద్దులాయన.

లేచి, కుర్చీ మీది చొక్కా తీసుకున్నాడు. అక్షరాలు లోపలికి ఉన్నాయో లేదో చూసి, పార్సెల్ డబ్బాలో పెట్టి, తనే టేపు వేశాడు.

క్లబ్బు ఆఫీసులో ప్రెసిడెంటు ఇంతెత్తున లేచాడు. "నీ కొడుకు కాబట్టి ఈ నాటకాలా? వేరేవాడి కొడుకైతే ఇలాగే చేసేవాడివా?"

పద్దులాయనకి అబద్ధం చెప్పాలనిపించలేదు. "చేసేవాణ్ణి కాదేమోనండి. పుస్తకంలో సున్నా వేసి అమ్మేసేవాణ్ణే. అందుకే ఇవాళ సిగ్గుగా ఉంది," అని, చిన్న క్లబ్బు కాగితం ముందుకి జరిపాడు. "సంతకం దీనిమీదైతే పెడతాను."

ప్రెసిడెంటు గడియారం చూశాడు. నాలుగూ నలభై. ఏజెంటుకి ఫోన్ చేసి పదినిమిషాలు తిట్టాడు, పద్దులాయనని ఐదు నిమిషాలు తిట్టాడు, ఆ తర్వాత సంతకం చేశాడు. పైకప్పు లేదన్నందుకు వానాకాలమంతా ఆయన మొహం మాడ్చుకునే తిరిగాడు. పద్దులాయన జీతం ఆ ఏడాదంతా బాకీ కిందే నడిచింది. ఇల్లాలు బయటి చొక్కాలు కూడా కుట్టింది. అది వేరే సంగతి.

సంతకాలైన వారంలోనే శనివారం బక్కోడు కొత్త క్లబ్బు తరఫున మొదటి ఆట ఆడాడు. మైదానం చిన్నది, గ్యాలరీ పాతిక మెట్లే. పద్దులాయన అలవాటుకొద్దీ పైమెట్టు ఎక్కి కూర్చున్నాడు. ఆట ముగిసి జనం కదులుతున్న వేళకి పెద్దమ్మాయి దుకాణం మూసి వచ్చింది. మెట్లెక్కి ఆయన పక్కన కూర్చుంది. ఆయన కొంచెం జరిగాడు. జరగాల్సినంత ఇరుకేమీ లేదు.

దూరంగా, గోల్ వెనకనుంచి ఇద్దరు ఆటగాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళతో నడిచి వస్తున్నారు. సాయంత్రపు ఎండ వాళ్ళ వెనక ఉంది, మొహాలు ఆనడం లేదు.

"ఎడమ పక్కనున్నది ఎవరో చెప్పు?" అన్నాడు పద్దులాయన. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. చెయ్యి చాచి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె చెయ్యి లాక్కోలేదు. చాలాసేపు వాళ్ళనే చూసింది.

"తొందరేముంది నాన్నా," అంది. "దగ్గరికి రానీ."

ఇద్దరూ కూర్చుని ఎదురుచూశారు.