తాళంలో దొరికిన మాట

"ఏందే ఇది, కృపా? ఇటు నా ముంగటికొచ్చి చెప్పు! ఏందిది?"

ఎస్తేరమ్మ చేతిలో మనుమరాలి తెల్ల పైజమా, నడుముకు బిగించి కట్టుకునే ఎర్ర ఓణీ ఉన్నాయి. స్కూలు సంచి అడుగున, పుస్తకాల కింద మడిచి దాచినవి అవి. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లోని ఆ చిన్న ఇంటి వరండాలో పుస్తకాలన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కుట్టుమిషను ముందు కూర్చున్న కృపమ్మ మిషను ఆపేసింది. దాచిపెట్టిన ఎనిమిది నెలల నిజం బయటపడింది!

"బుధవారం, శనివారం ట్యూషనని చెప్పి బిడ్డను హనుమకొండ తీసుకపోతాన్నవ్. ఆడ గజ్జెల టీచరింట్ల ఎగురుతాంటే చర్చిల సుగుణ కిటికీలకెల్లి చూసిందట! నలుగుర్ల నన్ను నిలబెట్టి అడిగింది. స్త్రీల సమాజానికి నేను పెద్దను. నా తలకాయ ఏడ పెట్టుకోవాలె?"

"అత్తమ్మా... తప్పు పని కాదు. బిడ్డ కోసమే..."

"బిడ్డ కోసమా! డాన్సులాడి ఏం బాగుపడుతది?"

కృపమ్మ భర్త వైపు చూసింది. రైల్వే ఆఫీసులో గుమాస్తా అయిన దావీదు పేపరు చేతిలో పట్టుకుని, చదవకుండా, తలెత్తకుండా కూర్చున్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ పదేళ్ల కరుణ పెదవులు వణుకుతున్నాయి. "అ... అ... అ..." అంటూ ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. మాట గొంతులోనే చిక్కుకుంది. మునుపటిలాగే!

కరుణకు అయిదో ఏట నుంచి నత్తి. దవాఖానలో చూపిస్తే నాలుకలో ఏ లోపమూ లేదన్నారు. పెద్దయితే అదే పోతుందన్నారు. పోలేదు సరికదా, పేరు అడిగితే చెప్పలేక, బడిలో పిల్లలు ఎగతాళి చేస్తుంటే భరించలేక, ఆ పిల్ల మాట్లాడటమే మానేసింది. భుజాలు ముందుకు వంచి, చూపు నేలకు గుచ్చి నడిచేది. నానమ్మ ఊరుకుంటుందా! రోజూ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. సాయంత్రం తన ముందు నిలబెట్టి బైబిల్లోని కీర్తన అప్పజెప్పమనేది. "అను! నోరు తెరిచి అను!" అని ఆమె ఎంత గట్టిగా అంటే పిల్ల గొంతు అంతగా బిగుసుకుపోయేది. ఆ చీవాట్ల వెనక ఆ ముసలి ప్రాణం మనుమరాలి కోసం ఎంత తల్లడిల్లుతోందో కృపమ్మకు తెలుసు. తెలుసు కనుకనే ఏమీ అనలేక, గది మూలకు పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

అలాంటి రోజుల్లో ఒకసారి, హనుమకొండలో పిల్లలకు డాన్సు నేర్పే సావిత్రి టీచర్ ఇంటికి జాకెట్ల కొలతలు తీసుకోవడానికి కృపమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ముందు గదిలో పదిమంది పిల్లలు కాళ్లు నేలకు కొడుతూ గట్టిగా అంటున్నారు... "తకధిమి తకజుణు, తకధిమి తకజుణు..." గడప దగ్గర నిలబడ్డ కరుణ కాలు మెల్లగా కదిలింది. పెదవులు కదిలాయి. ఆ తరువాత గొంతు వచ్చింది! తడబాటు లేదు, చిక్కు లేదు! కొలత టేపు చేతిలోంచి జారిపోతే కృపమ్మ వంగి తీసుకోవడం కూడా మరిచిపోయింది. "మళ్లా అను తల్లీ..." అని కూతురి పక్కన కూలబడిపోయింది. సావిత్రి టీచర్ వచ్చి చూసి, "వారానికి రెండు రోజులు పంపమ్మా. నేనేం వైద్యం చేసేదాన్ని కాదు. కానీ తాళంలో పడ్డ పిల్లకు భయం తగ్గుతుంది," అంది.

భయం తగ్గింది! మూడో నెలకు పిల్ల వీపు నిటారుగా నిలిచింది. క్లాసు నుంచి వచ్చి ఆకలి, ఆకలి అని రెండుసార్లు అన్నం పెట్టించుకునేది. తోటి పిల్లలతో కలిసి ఒకే అడుగు వేయడం వచ్చాక ఇద్దరు స్నేహితురాళ్లు కూడా దొరికారు. ఒకనాడు కిషన్ రావు కిరాణా కొట్టులో, కాలి బొటనవేలితో నేల మీద మెల్లగా కొట్టుకుంటూ, "అర కిలో చక్కెర ఇయ్యున్రి," అని తానే అడిగేసింది! ఆ మాట విన్న ఎస్తేరమ్మ సంబరానికి అంతులేదు. "నా వసకొమ్ము! నా ప్రార్థన!" అని చర్చిలో కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది. కృపమ్మ ఆ గొప్పంతా అత్తగారికే వదిలేసింది. నిజం చెప్తే క్లాసు ఆగిపోతుంది మరి! ఎనిమిది నెలలు ఆ అబద్ధాన్ని కడుపులో ముల్లులా మోసింది.

ఇప్పుడు అదంతా ఈ వరండాలో కుప్పకూలింది.

"రేపటి సంది క్లాసు బంద్," అన్నాడు దావీదు, పేపరు మడుస్తూ. అంతే! ఎందుకు పంపావని అడగలేదు. బిడ్డకు ఏం మేలు జరిగిందని అడగలేదు.

నెల తిరిగేసరికి కరుణ మళ్లీ పాత కరుణ అయిపోయింది. అవే వంగిన భుజాలు... అదే మూగతనం... బడిలో టీచర్ పేరు పిలిచినా పలకడం లేదని చీటీ వచ్చింది. ఎస్తేరమ్మ వసకొమ్ము రెండు పూటలు చేసింది. కీర్తన అప్పజెప్పడం గంటసేపు చేసింది. వంట చేస్తున్నా, బట్టలు కుడుతున్నా కృపమ్మ చెవిలో ఆ "అను! అను!" సమ్మెట దెబ్బలా పడుతూనే ఉంది. ఒకరోజు ఉండబట్టలేక భర్తను నిలదీసింది.

"మీ కండ్లకు కనవడుతలేదా? బిడ్డ మళ్ల మూగదైతాంది!"

"అమ్మ మాట ఎట్ల కాదంట కృపా? నాయిన పోయినంక నన్ను ఒక్కతే సాదింది."

"మిమ్మల్ని సాదింది సరే. మరి మీ బిడ్డను ఎవరు సాదాలె? నేను ఒక్కదాన్నే అత్తమ్మకు చెడ్డదాన్నయిన. మీరు ఒక్క మాటన్న నా పక్కకు నిలబడి అన్నరా?" దావీదు చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆ వీపుకేసి చూస్తూ, గోడతో మాట్లాడినా ఇంతకంటే నయమనుకుంది ఆమె.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎస్తేరమ్మ మంచం మీద కూర్చుని మనుమరాలిని ఎదురుగా నిలబెట్టింది. కీర్తనలో మొదటి మాటకు మొదటి అక్షరమే రాలేదు. పిల్ల మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి.

"అను! ఇన్నొద్దులు బాగనే అంటివి గదా! ఇప్పుడేమైంది? అంత మీ అమ్మ చేసిన పాడు పని! నిన్ను గజ్జెలకు అలవాటు చేసింది. అందుకే దేవుడు..."

ధన్‌మని నేల మోగింది. కరుణ కుడికాలు! మళ్లీ ఎడమకాలు! పిల్ల రెండు పిడికిళ్లు బిగించి, ఒక్కో మాటకూ ఒక్కో అడుగు వేస్తూ గొంతెత్తి అరిచింది.

"నానమ్మా! అమ్మను! తిట్టకు! నువ్వు! అనుమంటే! నాకు! రాదు! నువ్వు! అట్ల! చూస్తే! నాకు! భయం! టీచరమ్మ! కాడ! భయం! కాదు! నన్ను! పంపు!"

వంటింటి గుమ్మంలో కృపమ్మ చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. "ఎవరితోని మాట్లాడుతాన్నవే!" అంటూ దావీదు చెయ్యెత్తి ముందుకు వచ్చాడు. ఎస్తేరమ్మ మంచం మీంచి లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఆగురా! చెయ్యి దించు! ఇన్నవా... నీ బిడ్డ మాట్లాడింది ఇన్నవారా? ఒక్క తాన ఆగలే! మొత్తం చెప్పింది!" ఆమె ముడతలు పడ్డ చెంపల మీంచి కన్నీళ్లు ధారకట్టాయి. మోకాళ్ల మీద కూర్చుని మనుమరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇంకా తిట్టు బిడ్డా... నన్నే తిట్టు... ఎంత కోపముంటె అంత తిట్టు! నీ నోట్లె ఇన్ని మాటలున్నయని నాకు తెల్వకపాయె..."

కరుణ తిట్టలేదు. నానమ్మ మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి తేరుకుని ఎస్తేరమ్మ కోడల్ని దగ్గరికి పిలిచింది. "చక్కెర అడిగిన నాడు... అది నా వసకొమ్ముతోని కాదు గదా, కృపా?"

కృపమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను ఊరంత గొప్ప చెప్పుకుంటాంటే ఇన్ని నెలలు నోరు మూసుకొని ఎట్లున్నవే?"

"బిడ్డకు మాటొస్తె చాలనుకున్న అత్తమ్మా... పేరు ఎవరికొస్తె ఏంది?"

ఎస్తేరమ్మ కోడలి తలను తన భుజం మీదికి లాక్కుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో అలా దగ్గరికి తీసుకోవడం అదే మొదటిసారి! దావీదు గుమ్మంలో నిలబడి, "బుధవారం ఆఫీసుల పర్మిషన్ తీసుకొని నేను తోలుకపోత," అన్నాడు చిన్నగా. ఆ మాట ముందే అని ఉంటే ఎంత బాగుండేది! కృపమ్మకు కోపం పూర్తిగా చల్లారలేదు. అయినా "సరే" అంది.

బుధవారం నలుగురూ బస్సెక్కారు. ఎస్తేరమ్మ గదిలోకి రాలేదు. "మా బిడ్డ మీ దేవునికి దండం పెట్టదు టీచరమ్మా. ఏమనుకోకు," అని గడప బయట నుంచే చెప్పింది. "కాళ్లతో తొక్కే ముందు నేలకు దండం పెట్టుకుంటే చాలు పెద్దమ్మా," అంది సావిత్రి టీచర్ నవ్వుతూ. ఎస్తేరమ్మ కాసేపు ఆలోచించి, అయితే సరేనని అరుగు మీద చతికిలబడింది.

ఆ మరుసటి ఆదివారం చర్చి బయట సుగుణ, మరో ఇద్దరు స్త్రీలు ఎస్తేరమ్మను చుట్టుకున్నారు. "ఏందొదినా, మీ మనుమరాలు మళ్ల గజ్జెల క్లాసుకు పోతాందట? నిజమేనా?" కృపమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"పోతాంది," అంది ఎస్తేరమ్మ నిదానంగా. "ఆడ ఏం నేర్పుతాన్నరో, ఎందుకు పోతాందో అడిగేదుంటె దాన్నే అడుగున్రి. అదే చెప్తది."

అందరి కళ్లూ కరుణ మీద పడ్డాయి. పిల్ల తలెత్తింది. "నా... నా... నా..." అని ఆగిపోయింది. సుగుణ ఆ మాటను పూర్తి చేయబోయింది. ఎస్తేరమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. దావీదు కదల్లేదు. కరుణ నింపాదిగా గాలి పీల్చుకుంది. ఆ పిల్ల చెప్పేదాకా అందరూ ఎండలో అలాగే నిలబడి ఎదురుచూశారు.