బరువు పక్కన రాసిన మాట

తెల్లవారగానే మామ్మను బరువు చూసే మిషన్ ఎక్కించి, అంకె నోట్‌బుక్కులో రాయడం భవ్య పని. రెండు నెలల కిందట గుండె బలహీనపడి, ఒంట్లో నీరు చేరి మామ్మ భీమవరం ఆసుపత్రిలో ఉండి వచ్చింది. నీరు లాగే మాత్ర రోజూ వేయమన్నారు, ఉప్పు మానమన్నారు, తాగే నీళ్లు లీటరు దాటకూడదన్నారు. ఆ లీటరు సీసా భవ్య వాళ్ల నాన్న దుర్గాప్రసాదరాజు చేతిలోనే ఉండేది.

"యాభై రెండున్నర," అంది భవ్య.

"చూశావా అమ్మా, వారంలో మూడు కిలోలు. నీరంతా దిగిపోతోంది," అన్నాడాయన, రొయ్యల చెరువుకు బయల్దేరుతూ.

మామ్మ రత్నమాణిక్యం దిగుతూ తూలి గోడ పట్టుకుంది. "ఒరే ప్రసాదూ, నాలుక పిడచకట్టుకుపోతోందిరా. గుక్కెడు మజ్జిగ ఇప్పించు."

"సాయంత్రం వాటా సాయంత్రమేనమ్మా."

"నీ చెరువులో రొయ్యకున్న భాగ్యం నాకు లేదు."

భవ్యకు ఏదో చెప్పాలనిపించింది. నాన్న ముందు అనలేక, బరువు పక్కన ఒక మాట రాసి పుస్తకం మూసేసింది.

పది గంటలకు ఆయన తిరిగొచ్చేసరికి, భవ్య వాళ్లమ్మ మంజుష అత్తగారికి మజ్జిగ పట్టిస్తూ కనబడింది.

"నువ్విలా చాటుగా పోయబట్టే అమ్మకి కళ్లు తిరుగుతున్నాయి. మళ్లీ నీరు చేరినట్టుంది. ఇంకో మాత్ర వేద్దాం."

"అత్తయ్యగారి పెదాలు చూడండి, ఎలా పగిలాయో. నీరు చేరిన మనిషిలా ఉన్నారా అండి?"

ఆయన మాత్రల డబ్బా అందుకున్నాడు. భవ్య వచ్చి దాని మీద చెయ్యి పెట్టింది.

"వెయ్యొద్దు నాన్నగారూ. ముందు డాక్టరుగారికి చూపిద్దాం."

ఆయన డబ్బా కింద పెట్టాడు.

"నేను రాను," అంది మామ్మ. "పోయినసారిలాగే మెడలో గొట్టం దింపుతారు."

"సూదీ లేదు, గొట్టమూ లేదు మామ్మా. మెడ మీద జెల్ రాసి స్కాన్ చేస్తారంతే. ఇంటికి పంపేముందు చేశారుగా."

భీమవరం ఆసుపత్రిలో డాక్టర్ సత్యశ్రీ మామ్మను పడుకోబెట్టి, స్కాన్ మిషన్ కొనను మెడ మీద మెల్లగా ఆనించింది. తెర మీద నల్లటి సన్నని గీత కనబడింది.

"ఇది మెడలో నరం. పోయినసారి ఆసుపత్రిలో చేరినప్పుడు నిండుగా ఉబ్బి ఉంది. ఇప్పుడు పడుకోబెట్టినా అతుక్కుపోతోంది. బీపీ కూడా తగ్గింది. నీరు చేరలేదండీ, ఉండాల్సిన నీరే లేదు. ఈ ఎండలకి మాత్ర ఎక్కువైంది." ఆమె భవ్య తెచ్చిన నోట్‌బుక్కు తీసుకుని పైకి చదివింది. "సోమవారం, యాభై నాలుగున్నర. మామ్మ మూడుసార్లు దాహం అంది. మంగళవారం, యాభై నాలుగు. లేవగానే తూలింది. ఈరోజు, యాభై రెండున్నర. నాన్నగారికి చెప్పాలి."

డాక్టర్ తలెత్తింది. "ఇవి మీరు చదవలేదా రాజుగారూ?"

"అంకెలే చూశానండి. చెరువులో నీరు అంగుళం తగ్గితే గట్టు మీంచే చెప్పేస్తాను. మా అమ్మని మాత్రం..." ఆయన కళ్లు నిండాయి.

మామ్మ చీరకొంగుతో మెడ తుడుచుకుంది. "ఏడుస్తావేంట్రా, అసలే ఒంట్లో నీళ్లు తక్కువని ఆవిడ చెప్తుంటే."

రెండు రోజులు మాత్ర ఆపమనీ, నీళ్లు లీటరున్నర ఇమ్మనీ డాక్టర్ చెప్పింది. ఇంటికి రాగానే ఆయనే మజ్జిగ చిలికాడు. "తప్పు నాదే మంజూ," అంటూ గ్లాసు భార్య చేతికిచ్చాడు.

మామ్మ ఒక గుక్క తాగింది. "ఉప్పేదిరా?"

"అది మాత్రం అడక్కమ్మా."

మూడో రోజు పొద్దున, "యాభై మూడున్నర," అంది భవ్య. చెప్పులు వేసుకున్న నాన్న గుమ్మంలోనే ఆగాడు.

"పక్కన రాసింది కూడా చదువమ్మా."

భవ్య ఈసారి తల దించలేదు. అందరికీ వినబడేలా చదివింది. "ఈరోజు మామ్మ గోడ పట్టుకోకుండా దిగింది."