మంచుతెర వెనుక పడవలు

సముద్రాన్ని ఆనుకుని ఉన్న వేలాపుర రాజ్యంలో నలభై రోజులుగా ఒక్క ఇంట్లోనూ చేపల పులుసు ఉడకలేదు. తీరానికి కూతవేటు దూరంలో, నీళ్ళ మీద తెల్లటి మంచు గోడలా నిలిచిపోయింది. అది ఎండకు కరగలేదు, గాలికి కదలలేదు. అందులోకి వెళ్ళిన పడవ ఏదీ తిరిగి రాలేదు. ఇరవై రెండు పడవలు అలా మాయమయ్యాయి. రాజు వీరకేతుడు మంత్రగాళ్ళను పిలిపించాడు, యజ్ఞాలు చేయించాడు. చివరికి, మంచును తొలగించినవారు ఏది కోరితే అది ఇస్తానని చాటింపు వేయించాడు.

మంచులో కలిసిపోయిన మొదటి పడవలో ఉన్నది పద్నాలుగేళ్ళ తరళ తల్లిదండ్రులు.

తరళ తండ్రి సోమదత్తుడు అద్దాలు చేసే పనివాడు. లోకంలో మరెవరికీ తెలియని ఒక విద్య ఆయన చేతిలో ఉండేది. రాగిరేకు మీద వెండిపూత పూసి, ఏవో ఆకుల పసరుతో నెల రోజులు మెరుగుపెట్టి, బింబఫలకం తయారుచేసేవాడు. ఎండలో దాన్ని ఒక దృశ్యానికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి పది లెక్కపెడితే చాలు, ఆ దృశ్యం ఫలకం మీద అలాగే నిలిచిపోయేది. ఉప్పునీటితో తుడిస్తే చెరిగిపోయి, ఫలకం మళ్ళీ కొత్తదయ్యేది.

ఏటా వానలు వెనకబట్టాక ఆ కుటుంబం బండి కట్టుకుని, తీరం వెంబడి వారం రోజులు విహారానికి వెళ్ళేది. ఎర్రమట్టి దిబ్బలు, మొగలిపొదలు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాళ్ళు, ఎక్కడ కంటికి ఇంపుగా కనిపిస్తే అక్కడ ఆగి ఫలకంలో పట్టుకునేవారు. ఈ ఏడు మొదటిసారిగా సోమదత్తుడు ఫలకాలను కూతురి చేతికిచ్చాడు. తరళ మొదట అలల్లో నిలబడి నవ్వుతున్న తల్లి సువర్చలను పట్టింది. తరవాత మొగలిపొద నీడలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న తండ్రినీ, పక్కన కూర్చుని విసురుతున్న నాయనమ్మనూ పట్టింది.

మూడో ఫలకం తీసుకుని ఒక రాతి మీదికి ఎక్కింది. ఎదురుగా సముద్రంలో, అలలు తొలిచిన రాతితోరణం ఒకటి ఉంది. తల్లిదండ్రులు చిన్న పడవ ఎక్కి అటు బయలుదేరారు.

“ఇంకొంచెం లోపలికి నాన్నా! తోరణం కిందికి రావాలి!” అని తరళ కేకేసింది.

“చాలే తల్లీ, అల ఎక్కువగా ఉంది!” అన్నాడు తండ్రి.

“ఇంకొక్క రవ్వ! అమ్మ మొహం మీద ఎండ పడటం లేదు!”

సువర్చల నవ్వి, తనే తెడ్డు అందుకుని పడవను లోపలికి నడిపింది. తరళ ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టింది. ఫలకం మీద తోరణం, పడవ, ఇద్దరి మొహాలూ చక్కగా పడ్డాయి. తల ఎత్తి చూసేసరికి ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

వాళ్ళను వెతకడానికి వెళ్ళినవే మిగతా ఇరవై ఒక్క పడవలూ. ఆ పడవలవాళ్ళ భార్యలు రోజూ ఒడ్డున కూర్చుని ఎదురుచూసేవారు. తరళ అటు వెళితే పక్కకు జరిగి చోటు ఇచ్చేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆ పిల్ల భరించలేకపోయింది.

నలభై ఒకటో నాటి ఉదయం తరళ మూడు ఫలకాలనూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

“ఎక్కడికే?” అంది నాయనమ్మ.

“తీరం చివరిదాకా పోతాను నాయనమ్మా. ఎవరో ఒకరికి దీని సంగతి తెలిసే ఉంటుంది.”

“ఇంత మంది మగాళ్ళు పోయి రాలేదు. నువ్వేటి చేస్తావే?”

“లోపలికి పొమ్మన్నది నేనే కదా!”

నాయనమ్మ అటుకులూ బెల్లమూ మూటగట్టి మనవరాలి చేతిలో పెట్టి, గుమ్మంలోనే కూలబడిపోయింది.

తరళ మూడు రోజులు తీరం వెంబడి నడిచి ఒక కొండకొమ్ము చేరింది. అక్కడ గుహలో శంఖపాదుడనే ముని తపస్సు చేసుకుంటున్నాడు. ఆ పిల్ల కథంతా విని ఆయన కళ్ళు మూసుకుని దివ్యదృష్టితో చూశాడు.

“అమ్మాయీ, అది మంచు కాదు, ధూమకేశి నిట్టూర్పు. ఆమె సముద్రగర్భంలో ఉండే రాక్షసి. ఆమె ఒక్కగానొక్క కూతురు ఒడ్డు చూడాలని వచ్చి, జాలరుల వలలో చిక్కుకుని ప్రాణం విడిచింది. ఇక తన కంటికి ఒడ్డు కనిపించకూడదనీ, ఒడ్డునున్నవారికి తాను కనిపించకూడదనీ ఆ తల్లి ఈ తెర దించింది” అన్నాడు.

“ఆమెను నేను ఎలా చేరుకోవాలి స్వామీ?”

“ఉత్తరాన ఉన్న ఇసుకతిన్నెల దగ్గర కూర్మమాత ఉంటుంది. మంచులో దారి తెలిసింది ఆమెకొక్కదానికే. కానీ తిన్నెలకు వెళ్ళే సందును రాతిపీత కాస్తూంటుంది. వాళ్ళు ఊరికే సాయం చేయరు. నీ దగ్గర ఏముందో అదే అడుగుతారు. ఇవ్వగలవా?”

తరళ సంచి తడుముకుని, తలూపింది.

రాతిపీత నిజంగానే కొండంత ఉంది. రెండు కొండచరియల నడుమ ఇరుకు సందులో అడ్డంగా కూర్చుని, గుమ్మాలంత డెక్కలు చాచింది.

“ఒక్క అడుగు వేశావంటే రెండు ముక్కలు చేస్తాను!” అని గర్జించింది.

“చేస్తే చేద్దువుగాని. ముందు నీకేం కావాలో చెప్పు” అంది తరళ. 

పీత డెక్కలు కాస్త దించింది. “నేను చిన్నప్పుడు ఈ సందులోకి వచ్చాను. పెరిగి పెరిగి, వెనక్కి తిరగలేకుండా ఇరుక్కుపోయాను. నా వెనక ఒక పచ్చటి కొండ ఉండేది. దాన్ని చూసి వెయ్యేళ్ళయింది. ఇంకా ఉందంటావా?”

తరళ తలెత్తి చూసింది. కొండ ఉంది. దాని ఒంటినిండా గడ్డి పూసింది. ఆమె మొదటి ఫలకం బయటికి తీసింది. అలల్లో చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తల్లి నవ్వుతోంది. ముందరి పన్ను మీద పన్ను ఎక్కి ఉండేది సువర్చలకు. నవ్వితే చేత్తో నోరు మూసుకునేది. ఆ రోజు రెండు చేతులతోనూ కుచ్చెళ్ళు పట్టుకుని ఉండటం వల్ల మూసుకోలేకపోయింది. తరళ ఆ పన్నును వేలితో ఒకసారి తాకి, ఉప్పునీళ్ళు పోసి తుడిచేసింది.

తరళ పట్టి ఇచ్చిన కొండ బొమ్మ చూసి రాతిపీత రెండు కళ్ళూ ముందుకు సాచింది.  తరవాత డెక్కలు పైకెత్తి, “నా కిందుగా దూరిపో, అమ్మడూ” అంది మెల్లగా.

ఇసుకతిన్నెల అంచున, నీళ్ళలో సగం మునిగి కూర్మమాత కనిపించింది. ఆమె వీపు మీద నాచు గడ్డిలా పెరిగింది.

“మంచులోకి తీసుకుపోతాను. కానీ నాకూ ఒక కోరిక ఉంది” అంది కూర్మమాత. “ఏటా ఇక్కడికొచ్చి గుడ్లు పెడతాను. ఇసుక కప్పి వెళ్ళిపోతాను. ఆగి చూసే రాత మాకు లేదు. ఇన్నేళ్ళలో నా పిల్లలు ఎలా పుడతారో నేను చూడనే లేదు. చూపిస్తావా?”

కూర్మమాత లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తరళ ఆ ఇసుక పక్కనే ఆరు రోజులు కూర్చుంది. అటుకులు అయిపోయాయి. ఏడో రోజు పొద్దు పొడుస్తుండగా ఇసుక కదిలింది. ముందు ఒక చిన్న తల, తరవాత పది, తరవాత వంద. అరచేతిలో సగం లేని తాబేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ, వెలుగు వచ్చేవైపు పరుగు తీశాయి. తరళకు ఆలోచించే వ్యవధి లేదు. రెండో ఫలకాన్ని, దాని మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న తండ్రిని, కొంగుతో అలనీటిలో తుడిచి ఎండలో వాటికి ఎదురుగా పట్టింది.

కూర్మమాత తిరిగివచ్చి ఆ బొమ్మను చూసి, “ఇంతమందా!” అంది. ఆ ఫలకాన్ని ఇసుకలో దాచుకుని, వీపు వంచింది.

మంచులో పగలు రాత్రి తేడా లేదు. చప్పుడు కూడా లేదు. చలికి తరళ వేళ్ళు కొంకర్లు పోయాయి. కూర్మమాత ఆగినచోట, నీళ్ళ మధ్య ఒక బండ మీద ధూమకేశి కూర్చుని ఉంది. ఆమె నిట్టూర్పులు పొగలాంటి జుట్టులోంచి మంచై చుట్టూ పరుచుకున్నాయి.

“ఒడ్డు నుంచి వచ్చావా?” ఆ గొంతుకు నీళ్ళు కంపించాయి. “ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళను నేను తిరిగి పంపను.”

“తెలుసు. మా అమ్మానాన్నలు నీ దగ్గరే ఉన్నారు” అంది తరళ. “వాళ్ళను లోపలికి పొమ్మన్నది నేనే. బొమ్మ బాగా రావాలని.”

ధూమకేశి తల తిప్పి ఆ పిల్ల వంక చూసింది.  “నేనూ అంతే. ఒడ్డున ఏముందమ్మా అని నా బిడ్డ రోజూ అడిగేది. ప్రాణం విసిగి, పోయి చూసిరా అన్నాను. పోయిరా అన్నది నేనే.”

 తరళ అడిగింది: “ఎలా ఉండేది?”

“గుర్తు లేదు.” రాక్షసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. “ఏడ్చి ఏడ్చి దాని మొహం కూడా పోగొట్టుకున్నాను.”

“నీ పోలికేనా?”

“అందరూ అలాగే అనేవారు. కానీ నా మొహం నేనెప్పుడు చూశాను? సముద్రం అడుగున అద్దాలుంటాయా?”

తరళ చివరి ఫలకం తీసింది. తోరణం, పడవ, ఎండ పడిన తల్లి మొహం. ఏటా పాతవి తుడిచి కొత్తవి పట్టడమే, ఇంట్లో మరో బొమ్మ లేదు. ఇంకో ఫలకం చేయగల మనిషి మంచులో ఉన్నాడు. దాన్ని గుండెకు అదుముకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. చివరికి బండ మీది నుంచి కిందికి వంగి, నీళ్ళు దోసిట పట్టింది. ముందు పడవ పోయింది, తరవాత తండ్రి. తల్లి మొహం దగ్గర చెయ్యి ఆగింది. కళ్ళు మూసుకుని తుడిచింది.

“నెత్తి మీద కొంచెం మంచు తీయి. ఎండ కావాలి” అంది.

“ఒడ్డు కనిపిస్తుంది. నేను చూడలేను.”

“కళ్ళు నా మీదే పెట్టు. పది లెక్కపెట్టేదాకా.”

మంచు చీలి ఒక్క ఎండపొడ కిందికి దిగింది. తరళ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టి, ఫలకాన్ని రాక్షసి చేతికిచ్చింది.

ధూమకేశి దాన్ని చూసింది. వేళ్ళతో కనుబొమలు తడిమింది, గడ్డం తడిమింది. “ఇవిగో దాని కళ్ళు” అంది. “ఇదిగో, అలిగితే ఇక్కడే ముడి పడేది.” అప్పుడామె పెట్టిన ఏడుపుకు మంచంతా నీరై, వానై కురిసింది. చూస్తుండగానే సముద్రం నీలంగా విచ్చుకుంది. వాన వెలిసేసరికి బండ మీద తరళ తప్ప ఎవరూ లేరు.

దూరాన పడవలు కనిపించాయి. ఇరవై రెండూ తాళ్ళతో ఒకదానికొకటి కట్టి, బారుగా వస్తున్నాయి. అన్నిటికీ ముందు సోమదత్తుడి పడవ. అందులో ఆయన ఒక్కడే ఉన్నాడు.

కూర్మమాత తన వీపు మీద దగ్గరికి చేర్చగానే తరళ పడవలోకి దూకింది.

“అమ్మేది నాన్నా?”

సోమదత్తుడు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.  వెనక పడవలోని ముసలి జాలరి ఎర్రయ్య తలపాగా తీసి, “మంచులో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే, మీ అమ్మే నీళ్ళలోకి దిగిందమ్మా” అన్నాడు. “పడవ నుంచి పడవకి ఈదుకుంటా పోయి అన్నిటినీ ఒక్క తాడుకు కట్టింది. ఆకరి ముడి ఏసినాక పైకి లాగినాం. చలికి అప్పటికే... సముద్రానికే అప్పజెప్పినాం. మేమంతా ఆ యమ్మ వల్లే బతికినాం.”

ఒడ్డున వందలమంది. ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. రాజు వీరకేతుడు స్వయంగా వచ్చి, “ఏం కావాలో కోరుకో తల్లీ. రాజ్యంలో సగమైనా ఇస్తాను” అన్నాడు.

“తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే నెలల్లో ఇసుకతిన్నెల దగ్గర ఎవరూ వల వేయకుండా చూడండి మహారాజా. సముద్రం లోపలి పిల్లలు కూడా అటు వస్తారు” అంది తరళ. రాజు అక్కడికక్కడే శాసనం చేశాడు. తరవాత ఆ తీరమంతటికీ సంరక్షణాధికారం ఆ పిల్లకే అప్పగించాడు. అది ఆమె కోరలేదు.

తండ్రీకూతుళ్ళు ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నాయనమ్మ కాళ్ళకు నీళ్ళు తీసుకుని ఎదురొచ్చింది. కొడుకు కాళ్ళ మీద పోసింది, మనవరాలి కాళ్ళ మీద పోసింది. చెంబు అలాగే పట్టుకుని వీధి చివరిదాకా చూసింది.

“నా కోడలేదిరా?”

 తరళే చెప్పింది. “పడవలన్నిటినీ ఒక్కటిగా కట్టింది నాయనమ్మా. అందుకే అందరూ వచ్చారు. అమ్మ రాలేదు.”

నాయనమ్మ గోడకు చేరగిలబడింది. చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె పాదాల మీదే ఒలికిపోయాయి. కాసేపటికి చెంగుతో మొహం తుడుచుకుని, “రండి లోనికి. తిని ఎన్నాళ్ళయిందో ఇద్దరూ” అంది.

వేడి అన్నంలో నెయ్యి వేసి, కలిపి, మనవరాలి నోటికి అందించింది. తరళ ఆ ముద్ద నములుతూనే వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నాయనమ్మ ఊరుకోమనలేదు. ఎడమచేత్తో వీపు నిమురుతూ, కుడిచేత్తో రెండో ముద్ద కలిపింది.