వెనక గదిలో సున్నా పాయింట్ ఐదు

మా వీధి చివరి ఇంటి ముందు నుంచి పొద్దుపోయాక ఎవరూ నడవరు. మా జెలుటాంగ్ పేటంతటికీ తెలిసిన సంగతే ఇది. నూడుల్స్ అమ్మేవాడు కూడా బండిని మలుపులోనే వెనక్కి తిప్పేసుకుంటాడు.

ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలాయన వెనక గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రెండు రోజులకు గానీ ఎవరికీ తెలీలేదు. అప్పట్నుంచి రాత్రి ఎనిమిది దాటితే లోపల ఒక చప్పుడు... గరగరగర... ఎవరో ఎముకలు నములుతున్నట్టు. అర నిమిషం. తర్వాత ఏమీ ఉండదు. కాసేపాగి మళ్ళీ — గరగరగర.

వీధి మొగలో కాఫీ కొట్టు నాది. చెవిన పడింది పడ్డట్టు చెబుతాను, అంతే.

ఆ ఇల్లు ముసలాయన తమ్ముడి కొడుకు కియాన్ హిన్‌కి వచ్చింది. పెక్ లాన్ అనే అమ్మాయిని చేసుకుని అందులో కాపురం పెట్టాలని వాడి ఆశ. పిల్ల తల్లి సో చూ ససేమిరా అంది. చచ్చినవాడు పళ్ళు కొరికే ఇంటికి నా కూతుర్ని పంపనంటే పంపనంది. ఇంకో ఇల్లు చూసుకునే స్తోమత వాడికి లేదు. వాడి తల్లి గాయిక్ హ్వా వారం వారం రాయబారానికి వెళ్ళడం, ఆవిడ కదలడం లేదురా అంటూ ఉసూరుమని తిరిగి రావడం.

అలా రెండేళ్ళు గడిచాయి. ఈలోగా పెక్ లాన్‌కి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఈ ఏడాది పెళ్ళి కాకపోతే వెళ్ళిపోతానని చెప్పేసింది. పాపం, వాడి మొహం చూస్తే మాకే ముద్ద దిగేది కాదు.

వాడు ఫ్యాక్టరీలో కరెంటు సామాన్లు పరీక్షించే పని చేస్తాడు, సాయంత్రం షిఫ్టు. అంకె కనబడందే దేన్నీ నమ్మడు. ఒకరోజు పగటిపూట ఆ ఇంటికెళ్ళి ప్రతి సాకెట్‌కీ ఒక స్మార్ట్ ప్లగ్గు తగిలించాడు. ఏ ప్లగ్గులోంచి ఎంత కరెంటు పోతోందో ఎక్కడున్నా ఫోన్లో కనబడుతుంది; కావాలంటే ఫోన్లోంచే ఆపెయ్యొచ్చు. వెనక గదిలో సామానంతా దుప్పట్లు కప్పి ఉంది. పోయినవాళ్ళ వస్తువులు కదిపితే ఊరుకోరని తల్లి ఏనాడో గట్టిగా చెప్పింది. అందుకని దుప్పటి ముట్టుకోకుండా, దాని కిందనుంచి వచ్చిన తీగని మాత్రం తన ప్లగ్గులో గుచ్చి బయటపడ్డాడు. ఎవరితోనూ అనలేదు.

మంగళవారం. రాత్రి ఎనిమిదింపావు. ఫ్యాక్టరీలో వాడి ఫోను కదిలింది...

వెనక గది! ముందు ఆరు వాట్లు, చిన్న దీపమంత. ఉన్నట్టుండి అంకె ఎగిరింది. అర నిమిషం... పడిపోయింది. పన్నెండు నిమిషాలాగి మళ్ళీ ఎగిరింది.

వాడికి గుండె ఝల్లుమంది. కానీ పక్కనే ఇంకో అంకె ఉంది చూశారూ, అది వాణ్ణి నిలబెట్టింది. దాన్ని పవర్ ఫ్యాక్టర్ అంటారట. గోడలోంచి లాక్కున్న కరెంటులో నిజంగా వాడుకున్నది ఎంతో చెబుతుందట. రైస్ కుక్కర్‌కి ఒకటి, లాక్కున్నదంతా వాడేస్తుంది గనక. మోటారైతే కొంత వాడుకుని కొంత తిప్పి పంపేస్తుంది, అందుకని ఒకటికి తక్కువ. వెనక గదిలో ఎగిరిన ప్రతిసారీ అది సున్నా పాయింట్ ఐదు దగ్గర నిలబడింది.

అంటే మోటారు. పెదనాన్న దెయ్యమే అయ్యాడనుకుందాం... దెయ్యానికి మోటారు దేనికి?

అక్కణ్ణుంచి వాడికి పిచ్చి పట్టింది. జేబులో ఒక ప్లగ్గు వేసుకుని, కనబడిన మోటారునల్లా కొలవడమే. నా కొట్లో ఐసు కోరే యంత్రం కొలిచాడు, ఫ్రిజ్ కొలిచాడు, ఇవీ కావు ఆంటీ అని నిట్టూర్చాడు. ఏం వెతుకుతున్నావురా అంటే చెప్పడు. పెళ్ళి ఆలస్యమైతే మగపిల్లలు ఇలా తయారవుతారు కాబోలనుకున్నాను.

చివరికి ఒక స్నేహితుడింట్లో, పుట్టినరోజు విందులో దొరికింది. భోజనాలయ్యాక నలుగురు మాజాంగ్‌కి కూర్చున్నారు — పందెం కాసి నలుగురు ఆడే పలకలాట. కరెంటు బల్ల అది, దానికే చిన్న దీపం కూడా ఉంది. ఆట అవగానే పలకలన్నీ మధ్యలోకి తోసేస్తే లోపల మోటారు తిరిగి, తనే కలిపి, తనే పేర్చి పెడుతుంది. వీడు ఊరుకుంటాడా, ప్లగ్గు తగిలించాడు.

గరగరగర... అర నిమిషం... సున్నా పాయింట్ ఐదు.

శుక్రవారం సెలవు పెట్టాడు. మా పంచాంగంలో ఏడో నెల, పోయినవాళ్ళు తిరిగే నెల. వీధంతా అగరొత్తుల పొగ. ఆ ఇంటి వెనక సందులో గోడ పట్టుకుని, చప్పుడు కాకుండా కిటికీ దాకా వెళ్ళాడు. లోపల్నుంచి పాత పరుపులు ఆనించి ఉన్నాయి. వాటి నడుమనుంచి సన్నటి వెలుతురు... మాటలు.

"ఇంకో ఏడాది లాగించు వదినా. వాళ్ళు కాపురానికొస్తే మనమెక్కడికి పోతాం? మా ఇంట్లో ఆడలేను, మానేస్తానని గుళ్ళో మొక్కుకుని చచ్చాను."

సో చూ! ఇదేనా నీ దెయ్యం అని వాడు పళ్ళు కొరికాడు. అంతలో రెండో గొంతు —

"లాగిస్తాలే. వాడు వెర్రిబాగులవాడు, నేనేం చెప్పినా నమ్ముతాడు."

వాడి తల్లి. కన్నతల్లి.

రెండేళ్ళ రాయబారమంతా ఆ బల్ల చుట్టూ నడిచిందన్నమాట. అక్కడ నిలబడి ఏడవాలో నవ్వాలో తెలీలేదట. ఫోను తీసి, నొక్కాడు.

చీకటి.

మళ్ళీ నొక్కాడు. దీపం వెలిగింది, ఎవరూ ముట్టుకోకుండానే బల్ల గర్రుమంది... మళ్ళీ చీకటి.

"బావగారూ..." గాయిక్ హ్వా గొంతు. "మీరేనా?"

దీపం వెలిగి, ఆరింది.

"పిల్లాడి పెళ్ళి... చేసెయ్యమంటారా?"

వెలిగి, ఆరింది.

"ఎనిమిదో నెలలోనే చేస్తాం," అంది సో చూ, ఏడుపు ఆపుకుంటూ. "ఈ ఇల్లు వాళ్ళదే. నా కూతురి మీద ఒట్టు."

ఈసారి దీపం వెలిగింది, ఆరలేదు. కాసేపటికి గుసగుసగా ఇంకో గొంతు — "చిత్తం... మరి ఈ ఒక్క ఆట పూర్తి చేసుకుని వెళ్ళొచ్చా?"

వాడు నోట్లో చొక్కా కుక్కుకున్నాడట నవ్వు ఆపుకోలేక. సరే, ఆడుకోనిమ్మని వదిలేశాడు.

మర్నాడు నా కొట్లో కూర్చుని ఇదంతా చెప్పాడు. అప్పటికే పొద్దున్న తల్లి వచ్చి, వాళ్ళు ఒప్పుకున్నారురా, ముహూర్తం చూస్తున్నాం అందట. వాడు ఏమీ ఎరగనట్టు తల ఊపాడట. నాతో మాత్రం ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

"ముగ్గురెవరో తెలిసింది ఆంటీ. అమ్మ, అత్త, మూడోది బట్టలకొట్టావిడ, దగ్గు విని పోల్చాను. చివర్లో మాట్లాడిందెవరో అంతుబట్టలేదు. దెయ్యం ముందు కూడా ఆట గురించే... ఎంత గుండె నిబ్బరం ఉండాలి?"

"ఎవరో పనీపాటా లేనావిడ," అన్నాను. వాడి కాఫీలో పాలు రెండింతలు పోసేశాను.

గుండె నిబ్బరమా, పాడా! ఆ చీకట్లో బల్ల పట్టుకుని దేవుళ్ళందరికీ మొక్కుకున్నది నేనే. వాడి పెళ్ళికి అడ్డుపడ్డ నలుగురిలో నేనూ ఒకదాన్నని వాడి ఎదుట నిలబడి తల్చుకుంటే సిగ్గేసింది, ఎంత సిగ్గేసిందో. కానీ ఏం చెయ్యను, రెండేళ్ళలో అంత మంచి పలకలు నాకెప్పుడూ పడలేదు. ఒక్క పలక వస్తే గెలుపు. దీపం వెలిగాక తీసిన మొదటి పలకే అది.

ఆ రాత్రి బయటపడేముందు ముసలాయన కుర్చీకి మనసారా దణ్ణం పెట్టుకుని మరీ వచ్చాను.